కంట్రీ బ్యాండులో మౌత్ ఆర్గాన్: ఏ పాటకు ఏ హార్ప్, ఎక్కడ వాయించాలి, ఎక్కడ ఊరుకోవాలి

డ్రమ్స్, బేస్, గిటార్ లేనిదే కంట్రీ పాట లేవదు. మౌత్ ఆర్గాన్ లేకపోయినా లేస్తుంది. టెక్సస్, ఓక్లహోమా పట్టణాల్లో శుక్ర, శనివారాలు డాన్స్ హాళ్లలో వాయించే ప్రాంతీయ బ్యాండుల్లో ఈ వాయిద్యానికి చోటు దొరకడం కష్టం, దొరికింది పోగొట్టుకోవడం తేలిక. పాట మీకోసం ఆగదు కాబట్టి, మీరు పాటకు అడ్డం రాకుండా ఉండాలి. డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉంటూ స్థానిక బ్యాండుతో వాయించాలనుకునే తెలుగువాళ్లకు పనికొచ్చే వివరాలు ఇవి. ఒక్కో స్వరాన్ని పక్క స్వరం కలవకుండా పలికించడం ఇప్పటికే వచ్చనుకుని రాస్తున్నాం.

వాయిద్యం

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 24 రంధ్రాల ట్రెమొలో మౌత్ ఆర్గాన్ ఇక్కడ పనికిరాదు. అందులో ఒక్కో స్వరానికి రెండు రీడ్లు (ఊపిరికి కంపించే లోహపు రేకులు), ఒకదానికొకటి కొంచెం తేడా శ్రుతిలో ఉంటాయి. ఆ వణుకు ఒంటరిగా బాగుంటుంది గానీ, పక్కన స్టీల్ గిటార్ మోగుతుంటే శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. పైగా స్వరాన్ని వంచడం, అంటే బెండ్, దానిమీద సాధ్యపడదు. కావలసింది 10 రంధ్రాల డయటోనిక్. బ్యాండువాళ్లు దాన్నే హార్ప్ అంటారు. హోనర్ స్పెషల్ 20 గానీ, లీ ఆస్కర్ గానీ తీసుకోండి. రెండింటికీ ప్లాస్టిక్ కోంబ్ (మధ్యలో ఉండే దువ్వెన లాంటి చట్రం), స్క్రూలతో విప్పుకోవచ్చు. పాత తరహా మెరైన్ బ్యాండ్ 1896 అనే హోనర్ మోడల్ ధ్వని గొప్పదే, కానీ దానికి చెక్క కోంబ్, మేకులు. తడికి చెక్క ఉబ్బితే పెదవి గీసుకుంటుంది, విప్పి శుభ్రం చేయడం తలనొప్పి.

ఒక హార్ప్ ఒక కీకే (పాట ఆధార స్వరానికే) పుట్టింది. మొదట సి, డి, జి, ఎ, ఎఫ్ కొనండి. ఆ తర్వాత బి ఫ్లాట్, ఇ ఫ్లాట్. డబ్బు మిగిలితే కొత్త కీలకు పోకుండా సి, డి, ఎ లకు రెండో ప్రతి కొనండి. స్టేజి మీద రీడ్ పోయేది ఎప్పుడూ ఎక్కువ వాడే హార్ప్‌లోనే.

బ్యాండులో చేరేముందు ఒక ప్రశ్న తప్పక అడగాలి: గిటార్లు మామూలు శ్రుతిలో ఉన్నాయా, అర స్వరం దించారా? గాయకుడి గొంతు కోసం అర స్వరం దించుకునే బ్యాండ్లు చాలా ఉన్నాయి. అలా అయితే మీ సంచిలో ఉన్న ఒక్క హార్ప్ కూడా కలవదు. బి, డి ఫ్లాట్, ఎఫ్ షార్ప్, ఎ ఫ్లాట్ కావలసి వస్తాయి.

పాటకు హార్ప్ ఎంచుకోవడం

సంగీతం కొంచెం తెలిసిన తెలుగువాడికి ఇది అమెరికన్ కుర్రాడికంటే త్వరగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇక్కడ జరిగేది గ్రహభేదమే. సి హార్ప్ సి నుంచి మొదలుపెడితే శంకరాభరణం. అదే హార్ప్‌లో పంచమాన్ని, అంటే జి ని, షడ్జమం చేసుకుంటే హరికాంభోజి. దీన్నే సెకండ్ పొజిషన్, క్రాస్ హార్ప్ అంటారు. కంట్రీలో ఎక్కువ భాగం వాయించేది ఇలాగే. రిషభాన్ని షడ్జమం చేస్తే ఖరహరప్రియ. అది థర్డ్ పొజిషన్, మైనర్ పాటలకు.

కాబట్టి సూత్రం చిన్నది: పాట కీని షడ్జమం అనుకుంటే దాని శుద్ధ మధ్యమం ఏదో ఆ హార్ప్ తీయాలి. జి పాటకు సి, ఎ పాటకు డి, డి పాటకు జి, ఇ పాటకు ఎ, సి పాటకు ఎఫ్. ఎఫ్ హార్ప్ మరీ కీచుమంటుంది కాబట్టి సి లో నెమ్మది పాటలు ఎక్కువుంటే లో ఎఫ్ అనే మంద్ర స్థాయి హార్ప్ కొనడం మంచిది.

కీ ఏమిటని గిటారిస్టును అడక్కండి. రెండో ఫ్రెట్‌లో కాపో (తీగల్ని నొక్కి శ్రుతి పెంచే బిగింపు) పెట్టుకుని, వేళ్లు జి ఆకారంలో ఉన్నాయి కాబట్టి "జి" అంటాడు. మోగేది ఎ. కాపో లేనివాడు బేసిస్టు, అతన్ని అడగండి.

సి హార్ప్ స్వరాలు ఇవి. ఊదితే ఒకటో రంధ్రం నుంచి వరసగా: సి, ఇ, జి, సి, ఇ, జి, సి, ఇ, జి, సి. పీలిస్తే: డి, జి, బి, డి, ఎఫ్, ఎ, బి, డి, ఎఫ్, ఎ. ఇకపై ఉదాహరణలన్నీ జి పాట, సి హార్ప్.

కంట్రీ మౌత్ ఆర్గాన్‌లో సగం సరంజామా మోహన స్వరాలే: జి, ఎ, బి, డి, ఇ. కింది స్థాయిలో అవి ఇలా వస్తాయి: 2 పీల్చి జి, 3 పీల్చి రెండు అర స్వరాలు వంచితే ఎ, 3 మామూలుగా పీల్చి బి, 4 పీల్చి డి, 5 ఊది ఇ, 6 ఊది జి. పై స్థాయిలో వంచే పని లేదు: 6 ఊదు, 6 పీల్చు, 7 పీల్చు, 8 పీల్చు, 8 ఊదు, 9 ఊదు. ఈ రెండు వరసల్నీ అన్ని హార్ప్‌ల మీదా రెండు వైపులా ఆపకుండా వాయించగలిగితే చాలా పాటల్లో ఫిల్స్‌కు, అంటే గాయకుడి వాక్యాల మధ్య ఖాళీ నింపే చిన్న పలుకులకు, సరుకు ఉన్నట్టే.

కష్టమంతా ఆ 3వ రంధ్రం దగ్గరే. అది బి నుంచి బి ఫ్లాట్, ఎ, ఎ ఫ్లాట్ దాకా మూడు మెట్లు దిగుతుంది. మనకు కావలసింది మధ్య మెట్టు. కొత్తవాళ్లు దాదాపు అందరూ జారి ఎ ఫ్లాట్‌కు దగ్గరగా పోతారు, లేదా భయపడి బి ఫ్లాట్ పైనే ఆగుతారు. ఫోన్‌లో తంబూరా యాప్‌ను జి శ్రుతిలో పెట్టి, "ఈ" అనే నోటి ఆకారం నుంచి "ఊ" వైపు నాలుక వెనక భాగాన్ని దించుతూ స్వరాన్ని వెతకండి. ముందు 6వ రంధ్రం పీల్చి పై ఎ వినండి, తర్వాత 3 లో దాని కింది స్థాయిని పట్టుకోండి. ట్యూనర్ ముల్లును చూస్తూ వంచడం రెండో దశ, చెవి ముందు. బి ఫ్లాట్ మెట్టుకూ పని ఉంది: దాన్ని తాకి వెంటనే బి లోకి వదిలితే, సాధారణ గాంధారం నుంచి అంతర గాంధారానికి జారే ఆ గమకంలోనే కంట్రీ వాసన ఉంది.

ఐదో రంధ్రం గొడవ, కంట్రీ ట్యూనింగ్

జి పాటలో మూడు ముఖ్యమైన కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు): జి, సి, డి. బ్యాండులో వీటిని 1, 4, 5 అంటారు. పేర్ల బదులు అంకెలు రాసే ఈ నాష్‌విల్ నంబర్ సిస్టమ్ నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. కీ మారినా చార్టు మారదు. "1 1 4 4, 1 5 1 1" అని రాసుంటే ఒక్కో అంకె ఒక్కో బార్ (తాళంలో ఒక ఆవర్తం).

1 కార్డు మీద 2, 3, 4 రంధ్రాలు పీలిస్తే జి కార్డు. 4 కార్డు మీద 4, 5, 6 రంధ్రాలు ఊదితే సి కార్డు. 5 కార్డు దగ్గర చిక్కు. డి కార్డులో ఎఫ్ షార్ప్ ఉంది, మన హార్ప్‌లో 5 పీలిస్తే వచ్చేది ఎఫ్. అలవాటుకొద్దీ 4, 5, 6 కలిపి పీలిస్తే డి మైనర్ మోగుతుంది. గిటార్ మేజర్ కొడుతున్న చోట మీది మైనర్. డాన్స్ చేసేవాళ్లకు ఏం జరిగిందో తెలియకపోయినా స్టీల్ వాయించేవాడు మాత్రం తల తిప్పి చూస్తాడు. మామూలు హార్ప్‌తో 5 కార్డు వచ్చినప్పుడు 4 పీల్పు, 6 పీల్పు విడివిడిగా వాడండి, 5 పీల్పును ముట్టుకోకండి.

శాశ్వత పరిష్కారం కంట్రీ ట్యూనింగ్. 5 పీల్పు రీడ్‌ను అర స్వరం పెంచితే కైశికి నిషాదం కాకలి అవుతుంది, హరికాంభోజి తిరిగి శంకరాభరణం అవుతుంది. 4-5-6 పీలిస్తే నిఖార్సైన డి మేజర్. నాష్‌విల్ మౌత్ ఆర్గాన్ కళాకారుడు చార్లీ మెకాయ్ వాయింపు విన్నవాళ్లకు ఆ తేనె లాంటి ధ్వని తెలుసు. బదులుగా పోయేది ఒకటుంది: 2-3-4-5 కలిపి పీలిస్తే వచ్చే జి సెవెన్త్ ఇక రాదు, బ్లూస్ ఛాయ ఉన్న, ఊగుతూ నడిచే షఫుల్ పాటల్లో అదే కావాలి. 4 కార్డు మీద ఎఫ్ షార్ప్‌ను ఆపి ఉంచకూడదు, దాటిపోవాలంతే. అందుకే బాలడ్‌లకు, వాల్ట్జ్‌లకు కంట్రీ ట్యూనింగ్, హాంకీ-టాంక్ షఫుల్‌కు మామూలుది. రెండు రకాలూ సంచిలో ఉండాలి. లీ ఆస్కర్‌లో మెలొడీ మేకర్ అనే రకం ఉంది. అందులో 5 పీల్పు అర స్వరం పెరగడంతోపాటు 3 ఊదు ఒక పూర్తి స్వరం పెంచి ఉంటుంది కాబట్టి ఆ కష్టమైన ఎ వంచకుండానే వస్తుంది. దానిమీద రాసిన కీ సెకండ్ పొజిషన్ కీ, అంటే జి అని ఉంటే జి పాటకే. ఇది మరిచి మధ్యమం లెక్క వేస్తే తప్పు హార్ప్ చేతికొస్తుంది.

సొంతంగా చేసుకోవాలంటే పాత హార్ప్ మీద మొదలుపెట్టండి. కింది కవర్ ప్లేటు విప్పితే పీల్పు రీడ్లు పైకే కనిపిస్తాయి. పొడుగు రీడ్ వైపు నుంచి అయిదోది లెక్కపెట్టి, దాని కొస కింద పలుచని స్టీల్ రేకు దూర్చండి. రీడ్ కొసన, చివరి పావు భాగంలో, సన్నటి ఆకురాయితో పొడుగు దిశలోనే తేలికగా నాలుగైదు గీతలు గీసి, రేకు తీసి, దుమ్ము ఊది, కవర్ అదిమిపెట్టి, మామూలుగా వాయించేంత ఊపిరితో పీల్చి ట్యూనర్ చూడండి. వేలితో మీటి చూస్తే వచ్చే శ్రుతి వేరు. అడ్డంగా గీస్తే ఆ గీత దగ్గరే కొన్నాళ్లకు రీడ్ విరుగుతుంది. రాపిడికి లోహం వేడెక్కి కొలత తప్పు చూపిస్తుంది కాబట్టి అర స్వరానికి కాస్త ముందే ఆపి, మర్నాడు పూర్తి చేయండి. ఎక్కువైతే రివెట్ దగ్గరి భాగంలో గీస్తే దిగుతుంది, కానీ రెండు చివరలా అరగదీసిన రీడ్ ఎక్కువ కాలం నిలవదు.

ఎక్కడ వాయించాలి

గాయకుడు నోరు తెరిచి ఉన్నంతసేపు హార్ప్ పెదవికి దూరంగా ఉండాలి. హార్ప్ ధ్వని గొంతు ఉండే స్థాయిలోనే ఉంటుంది, అందుకే మాటల్ని మింగేస్తుంది. బేస్‌కు ఆ సమస్య లేదు, ఫిడిల్‌కు కొంత ఉంది, మీకు చాలా ఉంది.

మామూలు కంట్రీ చరణంలో వాక్యం అయిపోయాక ఒక బార్, కొన్నిసార్లు రెండు బీట్లు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోనే ఫిల్. గాయకుడి చివరి మాట పూర్తయిన తర్వాతి బీట్‌లో మొదలుపెట్టి, తర్వాతి వాక్యానికి ముందు గాయకుడు ఊపిరి తీసుకునే లోపలే ముగించాలి. నాలుగైదు స్వరాలు చాలు. చివరి స్వరం రాబోయే కార్డుకు చెందినదై ఉండాలి: 4 కార్డు రాబోతుంటే 4వ రంధ్రం ఊదు మీద, 5 కార్డు రాబోతుంటే 4వ రంధ్రం పీల్పు మీద దిగండి. ఈ ఒక్క అలవాటుతో, వచ్చిన లిక్కులన్నీ (నేర్చుకున్న చిన్న స్వర వరసలన్నీ) కుమ్మరించేవాడికీ పాట వింటూ వాయించేవాడికీ తేడా తెలిసిపోతుంది.

అదే ఖాళీ మీద స్టీల్, ఫిడిల్, లీడ్ గిటార్ కళ్లు కూడా ఉంటాయి. రిహార్సల్‌లోనే పంచుకోండి: మొదటి చరణం స్టీల్, కోరస్ ఫిడిల్, రెండో చరణం మీరు, ఇలా. పంచుకోకపోతే నలుగురూ ఒకేసారి దూకుతారు, లేదా మర్యాదకు నలుగురూ ఊరుకుంటారు. స్టీల్ సాగదీసే స్వరాల మీద మీరూ సాగదీసిన స్వరం పెట్టకండి. అది కదులుతున్నప్పుడు మీరు ఆగండి, అది ఆగినప్పుడు కదలండి. కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ బ్యాండులో 1973 నుంచి వాయిస్తున్న మిక్కీ రఫాయెల్‌ను వినేటప్పుడు ఆయన ఏం వాయించారన్నది పక్కనపెట్టి, ఎన్ని చోట్ల వదిలేశారో గుర్తుపెట్టండి.

సోలో ఇస్తే సాధారణంగా ఎనిమిది లేదా పదహారు బార్లు. మొదటి నాలుగు బార్లు పాట మెలొడీకి దగ్గరగా ఉండండి, డాన్స్ చేసేవాళ్లు పాట పోగొట్టుకోరు. సెకండ్ పొజిషన్‌లో పీల్పులే ఎక్కువ కాబట్టి సగంలో ఊపిరితిత్తులు నిండిపోయి ఉక్కిరిబిక్కిరవుతారు. గాలి చాలక అనుకుంటారు, నిజానికి గాలి ఎక్కువై. 5 ఊదు, 6 ఊదు వచ్చే చోట్లు ముందే చూసుకుని అక్కడ ఖాళీ చేయండి, లేదా వాక్యాల మధ్య ముక్కుతో వదలండి.

వేగంగా నడిచే ఫిడిల్ ట్యూన్లకు మాత్రం సెకండ్ పొజిషన్ వదిలేయండి. డి లో ఉన్న ట్యూన్‌కు డి హార్ప్‌నే ఫస్ట్ పొజిషన్‌లో, 4 నుంచి 7వ రంధ్రం మధ్య వాయిస్తే వంచకుండా అన్ని స్వరాలూ దొరుకుతాయి. రైలు పాటలు వేరు విద్య. నాష్‌విల్ రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీ తొలి రోజుల తార డిఫోర్డ్ బెయిలీ రికార్డింగులు వింటే 1-2-3 రంధ్రాల్లో పీల్చు-పీల్చు, ఊదు-ఊదు అనే నడక ఎంత దూరం పోగలదో తెలుస్తుంది. బ్యాండులో డ్రమ్మర్ ఇప్పటికే ఆ నడక బ్రష్‌లతో నడిపిస్తుంటాడు, మీరు దానికింద మెల్లగా కలవండి, లేదా మానేయండి.

చివరి చరణానికి కీ పెంచే పాటలు సెట్ లిస్ట్‌లో కచ్చితంగా ఉంటాయి. జి నుంచి ఎ కు పోతే, సి హార్ప్ నుంచి డి కి. రెండో హార్ప్ చొక్కా జేబులో ఒంటరిగా ఉండాలి, అదే జేబులో ఇంకోటి ఉండకూడదు. సెట్ లిస్ట్‌లో ప్రతి పాట పక్కన పాట కీ కాకుండా హార్ప్ కీ, పొజిషన్ రాసుకోండి. పెట్టెలో హార్ప్‌లన్నీ మంద్ర స్వరాలు ఎడమవైపు వచ్చేలా ఒకే దిశలో పెట్టండి. చీకట్లో తిరగేసి పట్టుకోవడం మామూలే. సగం పాటలకు మీ అవసరం ఉండదు. వాటికి కోరస్‌లో గొంతు కలపగలిగితే బ్యాండుకు మీ విలువ రెట్టింపు.

మైకు, మానిటర్

కంట్రీకి శుభ్రమైన ధ్వని కావాలి. షుర్ ఎస్ఎం58 లాంటి మామూలు గాత్రం మైకు, నేరుగా పీఏ (హాలు స్పీకర్ల వ్యవస్థ) లోకి, కొంచెం రివర్బ్, చాలు. గ్రీన్ బుల్లెట్ మైకు, ట్యూబ్ ఆంప్ చికాగో బ్లూస్ సరంజామా.

మైకును చేతుల్లో హార్ప్‌తో కలిపి బిగించి పట్టుకుంటే దాని వెనక గాలి దారులు మూసుకుపోయి, ముందువైపే వినాల్సిన మైకు నలువైపులా వినడం మొదలుపెడుతుంది. వెంటనే మానిటర్ (స్టేజి మీద వాయించేవాళ్లకు వినిపించే స్పీకర్) కూత పెడుతుంది. మైకు స్టాండ్ మీదే ఉంచి రెండు మూడు అంగుళాల దూరం నుంచి వాయించండి, చేతి కదలికతో వచ్చే వణుకూ స్పష్టంగా వినిపిస్తుంది. మానిటర్ సరిగ్గా మైకు వీపుకు ఎదురుగా ఉండాలి. సౌండ్ చేసేవారిని కింది స్థాయి సుమారు 120 హెర్ట్జ్ దగ్గర కోయమని, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గించమని అడగండి. చెవిలో గుచ్చుకునేది అక్కడే.

మానిటర్‌లో మీరు మీకు వినిపించకపోతే సర్దుకుపోకండి. వినిపించనివాడు గట్టిగా పీలుస్తాడు, గట్టిగా పీల్చేకొద్దీ స్వరం దిగుతుంది, రీడ్ అలసిపోతుంది. 4, 5 పీల్పు రీడ్లు అందరికీ ముందు పోవడానికి సగం కారణం ఇదే.

నిర్వహణ

గిగ్ (ప్రదర్శన) ముందు నోరు నీళ్లతో పుక్కిలించండి. సెట్ మధ్యలో బీరు, కోలా తాగి వాయిస్తే చక్కెర రీడ్ అంచున అంటుకుని స్వరం మూగబోతుంది. ఒక్కసారిగా ఏదైనా స్వరం పలకకపోతే ముందు రంధ్రాలు కిందికి పెట్టి అరచేతి మీద తట్టండి, చాలాసార్లు అది తేమ, లేదా జేబులోని నూలు పోగు. చలికాలంలో బయట వాయిస్తే చల్లని రీడ్ మీద ఊపిరి నీరై పేరుకుంటుంది. వచ్చే పాట హార్ప్‌ను ఒంటికి ఆనేలా లోపలి జేబులో ఉంచండి. ప్లాస్టిక్ కోంబ్ హార్ప్‌ను అప్పుడప్పుడు గోరువెచ్చని నీళ్లతో కడిగి విదిలించి ఆరబెట్టవచ్చు. చెక్కదాన్ని తడపకండి. శ్రుతి దిగిన రీడ్‌ను ఒకసారి గీసి పైకి తేవచ్చు. నెలలో మళ్లీ దిగిందంటే లోపల చిట్లుతోంది. రీడ్ ప్లేటు మార్చండి.

చేరడం, డబ్బు

దారి జామ్ నైట్‌ల (బయటివాళ్లూ ఎక్కి బ్యాండుతో వాయించే రాత్రుల) నుంచే. మొదటి రాత్రి రెండు పాటలకు మించి ఎక్కకండి. ఎక్కేముందు బ్యాండ్ లీడర్‌ను అడిగి, సోలో కోసం తల ఊపేదాకా ఆగండి. బ్యాండు పిలిచాక తేల్చుకోవాల్సినవి: పంపకం సమానమా, పెట్రోలు ఎవరిది, పీఏ మోసేదెవరు, సరంజామా దించే సమయం ఎప్పుడు. రాత్రికి మూడు నాలుగు గంటల వాయింపు, 45 నిమిషాల నుంచి గంట దాకా సెట్లు, ముందూ వెనకా మోత, ఇది మామూలు. సైడ్‌మన్‌కు (బ్యాండు లీడర్ కింద వాయించేవాడికి) డబ్బిచ్చేవాళ్లు పన్ను నంబరు వివరాల కోసం డబ్ల్యూ-9 ఫారం అడుగుతారు, ఆ ఆదాయం పన్ను లెక్కలో చూపాలి.

వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. హెచ్-1బి అనుమతి ఆ ఉద్యోగం ఇచ్చిన సంస్థ దగ్గర పనికే పరిమితం. బార్‌లో వాయించి డబ్బు తీసుకోవడం అనుమతి లేని పని కిందికి వస్తుంది, ఎఫ్-1 విద్యార్థులకూ క్యాంపస్ బయట సంపాదన మీద కట్టుబాట్లున్నాయి. టిప్ జాడీలో వాటా కూడా డబ్బే. మిగతావాళ్లు డబ్బు తీసుకునే చోట మీరొక్కరే ఉచితంగా వాయించినా సరిపోతుందని ఎవరో చెప్పారని నమ్మకుండా, మొదటి గిగ్ ఒప్పుకోకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. గ్రీన్ కార్డు వచ్చేదాకా జామ్ నైట్‌లు, అసోసియేషన్ పిక్నిక్‌లు ఉన్నాయి. 3వ రంధ్రంలో ఎ కుదరడానికి ఆ వ్యవధి సరిపోతుంది.